లెన్సు సంగతి తర్వాత, ముందు మామ్మని చూరు కింద కూర్చోబెట్టు

ప్రశ్న: అన్నా, మాది చీపురుపల్లి దగ్గర పల్లెటూరు. కిందటేడు సెకండ్ హ్యాండులో ఒక డీఎస్ఎల్ఆర్ కెమెరా కొన్నాను. దాంతోపాటు 18-55 జూమ్ లెన్సు వచ్చింది, పోర్ట్రెయిట్లకి, అంటే మనుషుల ఫొటోలకి, బాగుంటుందని అందరూ చెబితే తర్వాత 50 ఎంఎం ఎఫ్ 1.8 కూడా కొన్నాను. మొన్న కార్తీకమాసం వనభోజనాలకి కళింగపట్నం వెళ్ళినప్పుడు మా ఆవిడవీ, మా మామ్మవీ రెండు వందల పైనే ఫొటోలు తీశాను. కొన్నింటిలో ముఖాలు మాడిపోయినట్టు నల్లగా వచ్చాయి, కొన్నింటిలో ఇసుకా ఆకాశమూ సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి, చాలావాటిలో కళ్ళు సగం మూసుకునే ఉన్నారు. ఇంటికొచ్చాక సావిట్లో మామ్మ చిక్కుడుకాయలు ఒలుస్తుంటే మా మేనకోడలు తన ఫోనుతో ఒక ఫొటో తీసింది. ఇప్పుడు ఫ్యామిలీ గ్రూపులో అదే తిరుగుతోంది, నా పరువు పోయింది. మామ్మకి ఎనభై దాటాయి, ఆధార్ కార్డు మీద ఉన్నది తప్ప మంచి ఫొటో ఒక్కటీ లేదు. అన్నీ మెయిల్ చేశాను, చూసి చెప్పు. ఇంకే లెన్సు కొనమంటావు?

జవాబు: తమ్ముడూ, ఏ లెన్సూ కొనకు. ఉన్న రెండూ చాలు, నిజం చెప్పాలంటే ఇంకో రెండేళ్ళ వరకూ చాలు. నీ ఫొటోలూ, మేనకోడలు తీసిన ఆ ఒక్కటీ పక్కపక్కన పెట్టుకుని రాత్రి చాలాసేపు చూశాను. ఆ పిల్ల ఫొటో బాగా రావడానికి ఫోను గొప్పదవడం కారణం కాదు, నీవి చెడిపోవడానికి కెమెరా తక్కువదవడమూ కారణం కాదు. ఆ పిల్లకి తెలియకుండానే మామ్మ సరైన చోట కూర్చుని ఉంది. నువ్వేమో అంత దూరం తీసుకెళ్ళి మరీ తప్పుడు చోట నిలబెట్టావు. అంతే తేడా.

ఆ ఫొటోని ఒకసారి పెద్దది చేసి చూడు. మామ్మ సావిడి చివర, చూరుకి రెండడుగులు లోపలగా పీట మీద కూర్చుంది. ఒళ్ళో చేట, చేతిలో సగం ఒలిచిన చిక్కుడుకాయ. వెనక తలుపు తీసి ఉంది, లోపల గది చీకటి, అందుకని వెనకాల గొడవేమీ లేకుండా నల్లగా, నున్నగా వచ్చింది. పైన కప్పు ఉంది కాబట్టి నెత్తిమీంచి ఎండ పడటం లేదు. ఉన్న వెలుగంతా ముందు వాకిట్లోంచి, అంటే మామ్మ ముఖానికి ఎదురుగా వస్తోంది. వాకిట్లో సిమెంటు గచ్చు మీద ఎండ పడి, అక్కణ్ణుంచి తుళ్ళి గడ్డం కిందకీ, కనుబొమ్మల కిందకీ చేరింది. ఇప్పుడు కళ్ళు చూడు, రెండు నల్లగుడ్ల మీదా నలుచదరంగా తెల్లటి మెరుపు ఉంది కదా, అది మీ వాకిలే. చూరుకీ గోడకీ మధ్య కనిపించే ఆకాశం ముక్క. కంట్లో ఆ మెరుపు ఉంటే మనిషి మనల్ని చూస్తున్నట్టు ఉంటుంది, లేకపోతే ఎంత ఖరీదైన కెమెరాతో తీసినా బొమ్మ కళ్ళలాగే ఉంటాయి. నువ్వు కళింగపట్నంలో తీసిన ఒక్క ఫొటోలోనూ అది లేదు, నేను వెతికాను.

కాబట్టి ముందు వెలుగు ఎటు నుంచి వస్తోందో చూడటం నేర్చుకో, బటన్ల గురించి తర్వాత. దీనికి కెమెరా కూడా అక్కర్లేదు. పిడికిలి బిగించి ముఖానికి ముందు చాపి, నిలబడ్డ చోటే గుండ్రంగా మెల్లగా తిరుగు. కణుపుల మధ్య నీడలు ఒక వైపు తిరిగినప్పుడు గాట్లు పెట్టినట్టు నల్లగా కనిపిస్తాయి, ఇంకో వైపు తిరిగేసరికి మెత్తబడిపోతాయి. ఆ మెత్తబడిన వైపుకే మనిషి ముఖం తిప్పాలి, నువ్వు ఎటు వెళ్ళి నిలబడాలో దాన్నిబట్టి తేలుతుంది. నేను పెళ్ళిళ్ళలో ఇప్పటికీ ఈ పని చేస్తాను. చూసేవాళ్ళకి ఏదో పిచ్చి అనిపిస్తుంది, ఒకసారి ఒక పెద్దాయన నేను దిష్టి తీస్తున్నాననుకున్నాడు కూడా.

ఇక కళింగపట్నం సంగతి. ఫైళ్ళలో టైము చూస్తే చాలావరకు పదకొండున్నరకీ పన్నెండున్నరకీ మధ్య తీసినవి, అంటే వంటలు అవుతున్నప్పుడు ఖాళీగా ఉన్నారు కదాని లాక్కెళ్ళి తీశావన్నమాట. నవంబరులో మన దగ్గర సూర్యుడు అన్నిటికంటే పైకి వచ్చేది పన్నెండింటికి కాదు, పదకొండున్నర దాటిన పది నిమిషాల్లోనే వచ్చేస్తాడు, అదీ దక్షిణం వైపు. నువ్వు సముద్రం వెనకాల కనపడాలని వాళ్ళని నీళ్ళకి వీపు పెట్టి నిలబెట్టావు. దాంతో ఎండ వాళ్ళకి పైనుంచీ వెనకనుంచీ పడింది, ముఖాలు నీడలో ఉండిపోయాయి. కెమెరా ఎప్పుడూ తన ముందున్నదంతా కలిపి సగటున ఒక మధ్యరకం బూడిదరంగు అనుకుని లెక్క వేస్తుంది, అది ఇసుకో మామ్మో దానికి తెలీదు. ఫొటోలో ముప్పాతిక వంతు తెల్లటి ఇసుకా, మెరిసే నీళ్ళూ ఉంటే అబ్బో వెలుగు చాలా ఎక్కువుందనుకుని మొత్తం తగ్గించేసింది. మామ్మ ముఖం మాడిపోయింది అందుకే. అలాంటప్పుడు ప్లస్ మైనస్ గుర్తున్న బటను నొక్కి ఒక స్టాపు, అంటే వెలుగు రెట్టింపు అయ్యేంత, ప్లస్ పెడితే ముఖం కొంత తేరుకుంటుంది. కొంతే సుమా, ఆ ఎండలో అద్భుతాలు జరగవు.

తర్వాత నువ్వు సముద్రం వైపు తిప్పి తీసినవి ఉన్నాయి, అందులో మరదలు, అదే మీ ఆవిడ, పాపం నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. వాటిలో ఇసుక సున్నంలా ఎందుకొచ్చిందంటే, 50 ఎంఎం కొన్న ప్రతివాడిలాగే నువ్వూ ఎఫ్ 1.8 దగ్గర, అంటే లెన్సు కన్ను పూర్తిగా తెరిచి (ఈ అంకె పెరిగేకొద్దీ అది చిన్నదవుతుంది), మేకు కొట్టినట్టు ఉంచేశావు. మిట్టమధ్యాహ్నం ఎండలో ఐఎస్ఓ, అంటే కెమెరా వెలుగుని పట్టే చురుకు, 100 పెట్టినా ఎఫ్ 1.8కి షట్టరు తెరుచుకుని ఉండే సమయం సుమారు సెకనులో 8000వ వంతు కావాలి. నీలాంటి మొదటి తరగతి డీఎస్ఎల్ఆర్‌లు 4000వ వంతుతో ఆగిపోతాయి. అంటే కెమెరా తన శక్తికొద్దీ పరిగెత్తినా కావలసినదానికి రెట్టింపు వెలుగు లోపలికి వచ్చేసింది. స్క్రీన్ మీద అంకెలు మిణుకుమిణుకుమని ఉంటాయి, నువ్వు గమనించి ఉండవు. ఎండలో ఎఫ్ 4, ఎఫ్ 5.6 పెట్టుకున్నా ఎవరూ ఏమీ అనరు.

అసలు సముద్రం దగ్గర ఎప్పుడు తీయాలంటే, మనది తూర్పు తీరం అన్న సంగతి మొదట గుర్తు పెట్టుకో. వీడియోల్లో చూసే సూర్యాస్తమయం సముద్రంలో మునిగే ఫొటోలు గోవాలోనో కేరళలోనో తీసినవి, మనకి సూర్యుడు నీళ్ళలోంచి లేస్తాడు, ఊళ్ళ వైపు దిగిపోతాడు. దీన్ని చాలామంది లోటు అనుకుంటారు గానీ పోర్ట్రెయిట్లకి ఇది వరం. కార్తీకంలో అయితే సాయంత్రం నాలుగున్నరకి వెళ్ళి మనిషిని సముద్రానికి వీపు పెట్టి నిలబెట్టు, అచ్చం నువ్వు పెట్టినట్టే. ఇప్పుడు సూర్యుడు నీ వెనక, కొంచెం పక్కగా, కిందకి దిగి ఉంటాడు. ఆ పసుపు వెలుగు ముఖం మీద ఒక వారగా పడుతుంది, కళ్ళు చికిలించాల్సిన పని ఉండదు, వెనక సముద్రం నీలంగానే ఉంటుంది. సూర్యుడు పూర్తిగా దిగిపోయాక కెమెరా సర్దేయకు. ఆకాశం శుభ్రంగా ఉన్న రోజున తూర్పు వైపు, సరిగ్గా నీళ్ళమీద, గులాబీరంగు పట్టీ ఒకటి లేస్తుంది, దానికింద బూడిదనీలం. పది పదిహేను నిమిషాలు ఉంటుంది, అప్పుడు తీసిన ముఖాలకి నీడ అనేదే ఉండదు. ఐఎస్ఓ 800 దాకా పెంచాల్సి వస్తుంది, పెంచు, భయపడకు.

టైము విషయంలో ఇంకొక్క మాట. హైదరాబాదు వాళ్ళు వీడియోల్లో ‘సాయంత్రం ఐదున్నరకి రండి’ అంటారు. అది విని మనం ఐదున్నరకి వెళ్తే లైట్లు వేసుకోవాలి. గడియారం దేశమంతా ఒకటే అయినా మనం వాళ్ళకంటే తూర్పున ఉన్నాం, సూర్యుడు మనకి సుమారు ఇరవై నిమిషాల ముందే లేచి ముందే వెళ్ళిపోతాడు. నవంబరు, డిసెంబరుల్లో ఐదుంపావు ఐదున్నర మధ్యలో అయిపోతుంది, జూనులో ఆరున్నర దగ్గరికి వస్తుంది. వేసవి మధ్యాహ్నాలు మాత్రం మరీ అన్యాయం. మే రెండో వారంలో ఒకసారి, మళ్ళీ జులై వెళ్ళి ఆగస్టు వచ్చే రోజుల్లో ఒకసారి మన శ్రీకాకుళం, విజయనగరం మీద సూర్యుడు అక్షరాలా నడినెత్తిన ఉంటాడు, నిలబెట్టిన కర్రకి నీడ కూడా ఉండదు. ఆ ఎండలో ఆరుబయట నిలబెట్టి ఫొటో తీస్తే కళ్ళున్న చోట రెండు గుంటలు మాత్రమే వస్తాయి. అరసవల్లి గుడిలో మార్చిలోనూ అక్టోబరులోనూ పొద్దున్నే కిరణాలు స్వామి పాదాల మీద పడతాయి కదా, అంత దూరం, అన్ని ద్వారాలు దాటి లోపలికి ఎలా వచ్చాయి? సూర్యుడు అప్పుడే లేచాడు కాబట్టి, కింద ఉన్నాడు కాబట్టి. కింద ఉన్న సూర్యుడే కనుబొమ్మ దాటి కంట్లోకి రాగలడు.

నీడ అన్నాను కదాని చెట్టు కనిపిస్తే చాలు కిందకి దూరిపోకు. ఆ తప్పు నేనే చేశాను. 2018లో తిత్లీ తుఫాను రాకముందు సంగతి, శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఒక ఇంటివాళ్ళు శ్రీమంతం ఫొటోలు తోటలో తీయమన్నారు. కొబ్బరితోట, చల్లటి నీడ, పచ్చగా ఉంది, ఇంతకంటే ఏం కావాలనుకుని ఆ అమ్మాయిని చెట్ల మధ్య నిలబెట్టి మూడు గంటలు తీశాను. ఇంటికొచ్చి కంప్యూటర్లో చూస్తే ముఖమంతా పెసరగింజ సైజు నుంచి రూపాయి బిళ్ళ సైజు దాకా వెలుగు చుక్కలు, ముక్కు మీద ఒకటి, పెదవి మీద సగం. చుక్కలు లేని చోట ఆకుపచ్చ ఛాయ, చుట్టూ ఉన్న ఆకుల మీంచి వెలుగు తుళ్ళి చర్మం మీద పడితే కామెర్లు వచ్చినట్టే ఉంటుంది. ఆకు పల్చగా ఉన్న చెట్టు కింద ఇంతే, కొబ్బరి అయినా, సరుగుడు తోట అయినా. అక్కడే నిలబడి చూస్తున్నప్పుడు మన కన్ను సర్దుకుంటుంది, కెమెరా సర్దుకోదు. మళ్ళీ వెళ్ళి తీసి ఇచ్చాను, డబ్బులు అడగలేదు, వాళ్ళు పెట్టిన పనసకాయ కూర తిని వచ్చాను. రెండోసారి తోట లోపల తీయలేదు, తోట అంచున తీశాను. చివరి వరస చెట్ల నీడలో ఒక్క అడుగు లోపల నిలబెట్టి, ముఖం బయట పొలం వైపు తిప్పాను, వెనకాల తోటంతా చీకటిగా పచ్చగా వెళ్ళిపోయింది. చూశావా, మళ్ళీ మీ సావిడే. పైన కప్పు, వెనక చీకటి, ఎదురుగా తెరపి. జీడితోట అంచు, రైసుమిల్లు గోడ నీడ, బడి వరండా, విజయనగరం కోట గోడకి ఎండ లేని వైపు, ఎక్కడైనా ఈ మూడూ దొరుకుతాయేమో చూడు, దొరికితే మధ్యాహ్నం అయినా పని జరుగుతుంది.

మబ్బు పట్టిన రోజు ఇంకా సుఖం, ఆకాశమంతా చూరే. కాకపోతే ఆ ఆకాశాన్ని ఫొటోలోకి రానివ్వకు, తెల్లకాగితంలా వస్తుంది.

డబ్బులు చేతిలో ఉండి ఏదో ఒకటి కొనకపోతే నిద్రపట్టదంటే స్టేషనరీ షాపులో తెల్ల థర్మోకోల్ షీటు ఒకటి కొనుక్కో. లేదా వెలుగుని తిప్పి పంపే రిఫ్లెక్టరు కొనుక్కో, అదీ కొన్ని వందల్లోనే వస్తుంది. ముఖంలో నీడ ఎటు ఉందో అటు పక్క, ఛాతీ ఎత్తులో పట్టుకోమని ఎవరికైనా చెప్పు, మెల్లగా ముందుకీ వెనక్కీ కదపమను, ఒక చోట కంటికింద నీడ ఇట్టే కరిగిపోవడం నీకే కనిపిస్తుంది. తెల్ల పంచె నాలుగు మడతలు పెట్టినా పని జరుగుతుంది, తాతది పొందూరు ఖద్దరు పంచె అయితే ముందు ఆయన్ని అడుగు. రంగు గుడ్డ మాత్రం వద్దు, పచ్చ లుంగీ పడితే ముఖం పచ్చబడుతుంది. ఆ మాటకొస్తే మరదలు వేసుకున్న చిలకాకుపచ్చ జాకెట్టు రంగు ఆమె గడ్డం కింద స్పష్టంగా కనిపిస్తోంది, ఇంకోసారి చూడు.

ఇక వెనకాల ఏముందో చూడటం. నీకు పద్దెనిమిదో ఫొటో గుర్తుందా, మరదలు నవ్వు చాలా బాగుంది, మొత్తం అన్నిటిలోకీ మంచి నవ్వు, కానీ లైట్‌హౌస్ సరిగ్గా ఆమె నెత్తిమీంచి లేచింది, సిగలో పువ్వు పెట్టినట్టు. ఒక్క అడుగు ఎడమకి జరిగి ఉంటే బతికిపోయేది. ఇంకో నాలుగింటిలో సముద్రపు గీత మెడని కోసేసింది. బటను నొక్కే ముందు ఒక్కసారి తల చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి రా, కళ్ళతోనే. కరెంటు స్తంభం, తీగ, వెనక స్నానం చేస్తున్న మనిషి, పార్కు చేసిన ఆటో, ఏది ఉన్నా నువ్వే జరుగు, మనిషిని జరపకు. లైట్‌హౌస్ కూడా కనపడాలనుకుంటే దాని కాళ్ళ దగ్గర నిలబెట్టకూడదు, అక్కడ మనిషి చీమంత, మేడ కొండంత. లైట్‌హౌస్‌కి బాగా దూరం వచ్చేసి, మనిషిని నీకు దగ్గరగా, ఫ్రేములో ఒక పక్కకి పెట్టి, 18-55ని 35 దగ్గర ఉంచి ఎఫ్ 8లో తియ్యి, ఇద్దరూ మర్యాదగా కూర్చుంటారు. వెనకాల మసకగా రావాలంటే మాత్రం మనిషికీ వెనకున్నదానికీ మధ్య దూరం పెంచాలి, ఇది లెన్సు కంటే ఎక్కువ పని చేస్తుంది. గోడకి ఆనించి నిలబెట్టి ఎఫ్ 1.8 పెట్టి మసక రావటం లేదంటే ఎలా వస్తుంది? పదిహేను అడుగులు ముందుకి రమ్మను, పాత 18-55 కూడా 55 దగ్గర బాగానే మసక చేస్తుంది.

ఫోకస్ గురించి క్లుప్తంగా. నీ 50 ఎంఎంతో ఐదడుగుల దూరం నుంచి ఎఫ్ 1.8లో తీస్తే స్పష్టంగా వచ్చే లోతు బెత్తెడు కూడా ఉండదు. మామ్మ ముక్కు మీద ఫోకస్ పడితే కళ్ళు పోతాయి, ముక్కుకున్న అడ్డబాస తళతళా మెరుస్తూ వచ్చి మనిషి మసకైపోయిన ఫొటోలు నీ దగ్గర ఆరున్నాయి. ఫోకస్ పాయింటు ఒక్కటే పెట్టుకుని దాన్ని నీకు దగ్గరగా ఉన్న కంటి మీదకి జరుపు, మధ్య పాయింటుతో పట్టి కెమెరా తిప్పే అలవాటు ఈ లెన్సుతో మానుకో. ఎఫ్ 2.8కో 4కో వెళితే ప్రాణం హాయిగా ఉంటుంది. ఇద్దరుంటే 5.6, ఇద్దరి ముఖాలూ ఒకే వరసలో. షట్టరు 200వ వంతు కంటే తగ్గనివ్వకు, పిల్లలైతే 500.

ఫోనుతో తీసినా ఇవే సూత్రాలు, కాబట్టి మేనకోడల్ని అసిస్టెంటుగా పెట్టుకో. ఆ పిల్లకి రెండు చెప్పు చాలు. ముందు లెన్సు తుడవమను, సగం ఫోన్ల మీద ఉండే పొగమంచు కొబ్బరినూనే. ముఖం దగ్గరికి వెళ్ళి వన్ ఎక్స్‌లో తీస్తే ముక్కు బోండాలా వస్తుంది, ఐదారడుగులు వెనక్కి జరిగి టూ ఎక్స్ పెట్టమను. ముఖం మీద వేలు నొక్కి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తుని కొంచెం కిందకి లాగితే రంగు నిలబడుతుంది.

బ్యూటీ మోడ్ ఆపెయ్యమను. దీని మీద నాకు కోపం ఉంది, చెప్పనీ. మన పెళ్ళి ఆల్బమ్‌లలో చామనచాయ పెళ్ళికూతుర్ని తీసుకొచ్చి పిండిబొమ్మని చేసేస్తారు, మెడ ఒక రంగు, ముఖం ఒక రంగు, చేతులు ఇంకో రంగు, అదే అందం అని పాతిక వేలు పుచ్చుకుంటారు. నేనూ కొన్నాళ్ళు చేశాను, కస్టమరు అడిగారని. నల్లటి చర్మానికి పక్కనుంచి వచ్చే మెత్తని వెలుగు పడితే చెంప ఎముక మీదా, నుదుటి మీదా వచ్చే నిగారింపు తెల్లటి చర్మానికి రాదు, కావాలంటే సాయంత్రం వలలు బాగుచేసుకుంటూ కూర్చున్న పల్లెకారుల ముఖాలు చూడు. మామ్మ ముఖం ఫ్రేము నిండా తీసేటప్పుడు కెమెరా మళ్ళీ తన బూడిదరంగు లెక్క మొదలుపెట్టి, అయ్యో చీకటిగా ఉందని వెలుగు పెంచేస్తుంది, చర్మం విభూతి రాసినట్టు అయిపోతుంది. అప్పుడు మైనస్ వైపు అర స్టాపు తగ్గించు. ఇసుకలో ప్లస్, సావిట్లో మైనస్. ఎందుకో ఇప్పుడు నీకు తెలుసు.

ఇప్పుడు అసలు పని, మామ్మ. ఎనభై ఏళ్ళావిడకి ఫొటో అంటే స్టూడియోకి వెళ్ళి కుర్చీలో నిటారుగా కూర్చుని ఊపిరి బిగబట్టడం. నువ్వు కెమెరా ఎత్తగానే అడ్డపొగ చుట్ట ఆర్పేసి, కొంగు రెండు భుజాల మీదా కప్పుకుని, పోలీసు స్టేషన్లో నిలబడ్డట్టు నిలబడుతుంది. నీ కళింగపట్నం ఫొటోలన్నిటిలోనూ మామ్మ ఇలాగే ఉంది. దాన్ని వద్దనకు, ఆవిడకి తెలిసిన మర్యాద అది. ముందు ఆవిడకి కావలసిన ఫొటో శ్రద్ధగా తీసి, స్క్రీను చూపించి, బాగుందనిపించు. ఆ తర్వాత కెమెరా ఒళ్ళో పెట్టుకుని మాటల్లో పెట్టు. ‘నవ్వు మామ్మా’ అనకు, అలా అంటే నోరు నవ్వుతుంది, కళ్ళు నవ్వవు. చిక్కుడుకాయలో, కట్టడానికి పువ్వులో, ఏదైనా చేతికి పని ఇవ్వు. చేతికి పని దొరికితే ముఖం దాని మానాన అది ఉంటుంది. ఆవిడ కాపురానికి వచ్చిన కొత్తలో మీ ఊళ్ళో ఎన్ని ఇళ్ళుండేవో అడుగు, ఏ తుఫానుకి ఏ చెట్టు పడిందో అడుగు, తాతగారితో ఎందుకు మాట్లాడటం మానేసిందో అడుగు, ప్రతి మామ్మకీ అలాంటిది ఒకటి ఉంటుంది. చెబుతూ చెబుతూ వాకిట్లోకి చూస్తుంది, అది ఒకటి తియ్యి. చెప్పడం అయిపోయాక ఒక్క క్షణం ఆగి నీ వైపు తిరుగుతుంది, ఆ తిరగడం వదలకు.

నువ్వు మాత్రం నిలబడి తీయకు. నీ ఫొటోల్లో మామ్మ అంత చిన్నగా, దిగులుగా కనిపించడానికి సగం కారణం నువ్వు ఐదున్నర అడుగుల మీంచి కిందకి చూస్తూ తీయడం. నువ్వు కూడా ఒక పీట వేసుకుని ఎదురుగా కూర్చో, కెమెరా ఆవిడ కంటి ఎత్తులో ఉండాలి. ముడతలు వస్తాయని బాధపడకు, వాటిని చెరపకు కూడా. చేతులు విడిగా ఒకటి తియ్యి, మోచేతి మీద పచ్చబొట్టు ఉంది కదా, అది కనపడేలా. అరగంట కంటే ఎక్కువ కూర్చోబెట్టకు. ‘ఏటి బావూ, ఎన్ని తీస్తావు, మరి సాలు’ అందంటే కెమెరా మూసెయ్యి, రేపు మళ్ళీ అదే టైముకి అదే వెలుగు వస్తుంది, మీ సావిడి ఎక్కడికీ పోదు.

మరదలి సంగతి తేలికే, కుర్రది, కెమెరా అంటే భయం లేదు, కానీ నువ్వు రీల్స్ చూసి నేర్పిన భంగిమలన్నీ ఆమె మీద పరాయి చీరలా ఉన్నాయి. దూరంగా ఆకాశంలోకి చూడమని ఇంకోసారి చెప్పకు. నీ వైపు నడిచి రమ్మను, మధ్యలో ఏదైనా అను, ఆమె తిరిగి అంటించేటప్పుడు తియ్యి. సముద్రం గాలికి జుట్టు ముఖం మీద పడుతుంటే గాలికి ఎదురు తిప్పు, జుట్టు దానంతటదే వెనక్కి పోతుంది. ఎండకి కళ్ళు నిలవకపోతే కళ్ళు మూసుకోమని మూడు లెక్కపెట్టి తెరవమను, తెరిచిన వెంటనే నొక్కు, ఒక సెకను టైము దొరుకుతుంది.

కళింగపట్నం మళ్ళీ వెళ్తే ఇసుక మీద నిలబడి లెన్సు మార్చకు. నేను ఒకసారి మార్చాను, ఇప్పటికీ నా జూమ్ లెన్సు తిప్పితే కరకరమని అప్పడం నమిలినట్టు చప్పుడు చేస్తుంది. ఉప్పుగాలికి ముందు గాజు మీద పొర కూడా పడుతుంది, మెత్తటి పొడిబట్ట జేబులో ఉంచుకో. ఏసీ కారులోంచి దిగగానే గాజు చెమర్చిందంటే తుడవకు, పది నిమిషాలు ఆగు.

మామ్మది మంచిది ఒకటి వచ్చాక ఫోన్లోనే ఉంచేయకుండా 12 బై 18 సైజులో ప్రింటు వేయించు, మీ కెమెరా ఫైలుకి ఆ సైజు హాయిగా సరిపోతుంది. మ్యాట్ కాగితం అడుగు, మెరిసే కాగితం సావిట్లో గోడకి పెడితే వాకిలి వెలుగంతా దాని మీదే కనిపిస్తుంది. ల్యాబువాళ్ళకి ‘కలర్ కరెక్షన్ వద్దు, ఉన్నది ఉన్నట్టు వెయ్యండి’ అని రెండుసార్లు చెప్పు, లేకపోతే అలవాటు కొద్దీ తెల్లగా చేసేస్తారు. నాకు పంపేటప్పుడు వాట్సాప్‌లో ఫొటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపు, కంట్లో మీ వాకిలి ఉందో లేదో చూసి చెబుతాను.